పోయిందని చెప్పిన చేప

మొదటి ఆరు చేపల్ని నేనే చంపాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే నన్ను దయగల మనిషి అనుకునే ప్రమాదం ఉంది.

ఊరికి నీళ్ళు శుద్ధి చేసి పంపే చోట కాంట్రాక్టు మీద ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. నీళ్ళలో క్లోరిన్ ఎంత ఉందో చూడడం, తగ్గితే కలపడం నా పని. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం మానేశాక ఇంట్లో కూర్చున్నాను. తెలుగువాళ్ళు చాలామంది వలసొచ్చి ఉండిపోయిన హిందీ ఊరు మాది. కాసిడీహ్‌లో మా ఇంటి నుంచి సాక్చీ బజారు నడిచిపోయేంత దూరమే. పొద్దుపోక రోజూ అటు తిరిగేవాణ్ణి. అక్కడ అక్వేరియం కొట్టు వెనక ఒక బకెట్టు ఉండేది. జబ్బు చేసిన చేపల్ని అందులో వేసి, చచ్చాక కాలవలో పారబోసేవారు. ఒకరోజు అందులోకి తొంగిచూశాను. ఆరు చేపలు, ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు, నోళ్ళు పైకి పెట్టి గాలి మింగుతున్నాయి. కొట్టతను, "లే జాయియే చాచా, కల్ తక్ వైసే భీ మర్ జాయేంగే" అన్నాడు. రేపటికల్లా ఎలాగూ చచ్చేవే, పట్టుకుపొమ్మని. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం వస్తే ఏదో ఒక పిచ్చిపని చేసేదాకా చల్లారదు. బకెట్టుతో సహా ఇంటికి పట్టుకొచ్చాను.

మురికి నీళ్ళు పారబోసి, కుళాయి నీళ్ళు పట్టి, చేపల్ని అందులో వేశాను. పొద్దున లేచేసరికి ఆరూ తేలి ఉన్నాయి. ఆ క్లోరిన్ చేపల మొప్పల్ని కాల్చేస్తుందని, ఇరవై ఎనిమిదేళ్ళు అదే కలిపిన నాకు తట్టలేదు. మా ఆవిడ బకెట్టు వైపు చూసి, నా వైపు చూసి, "ఇన్నేళ్ళు నీళ్ళకాడ కూకుని ఏటి నేర్సుకున్నారు?" అంది. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మర్నాడు మళ్ళీ కొట్టుకి వెళ్ళాను.

తర్వాత నిదానంగా నేర్చుకున్నాను. నీళ్ళు డ్రమ్ములో పట్టి, మూత తీసి రెండు రోజులు ఉంచాలి. తెల్ల చుక్కలకి కాస్త వేడి, కాస్త కల్లుప్పు. రెక్కలు కుళ్ళితే నీలం మందు. పొట్ట ఉబ్బి తలకిందులైన గోల్డ్‌ఫిష్‌కి ఉడికించిన బఠాణీ, అదీ తొక్క తీసి. తొక్క తీసే పని మా ఆవిడకి పడింది. "మా అత్తకి కూడా ఇలాగ ఒలిసి పెట్టలేదు" అని సణుగుతూనే ఒలిచేది. బతికినవి బతికాయి, పోయినవి పోయాయి. ఆ నోటా ఈ నోటా తెలిసి జనం తమ ఇళ్ళలోని చేపల్ని కూడా తెచ్చివ్వడం మొదలుపెట్టారు. వెనక గది తొట్లతో నిండింది. పట్టేసిన భుజంతో రోజూ అన్ని బకెట్లు మొయ్యడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఎవరూ గోక్కోమనలేదు, నేనే గోక్కున్నాను.

అలా ఏడాది గడిచాక బిర్సానగర్ నుంచి ఒకామె వచ్చింది. మనవాళ్ళే, టెక్కలి వైపు వాళ్ళు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఆటోలోంచి మూత ఉన్న బకెట్టు దింపుకుని, నా చేతికి ఇవ్వకుండా గుమ్మంలోనే నిలబడింది. లోపల జానెడు పొడవు ఫ్లవర్‌హార్న్ చేప ఉంది. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద బొప్పి కట్టినట్టు పెద్ద ఉబ్బు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని మా ఊళ్ళో చాలామంది పెంచుతారు. దాని తల మీద మేకుతో పొడిచినట్టు నాలుగు గుంటలు పడ్డాయి. రంగు వెలిసిపోయింది.

ఆమె భర్త డ్యూటీలో నిచ్చెన మీద నుంచి పడ్డాడు. తలలో రక్తం గడ్డకట్టింది. ఆసుపత్రిలో పడి పన్నెండు రోజులైంది. ఆపరేషన్ చెయ్యాలి, ఒళ్ళు తట్టుకునేదాకా ఆగాలన్నారు. ఇదంతా చెప్పి ఆమె అంది: "ఆయన తలకి దెబ్బ తగిలింది. దీని తలకి సిల్లులు పడ్డాయి. ఆయన గండం ఇది మోత్తన్నాది అన్నియ్యా. ఇది పోతే ఆయన లేత్తాడు. మందెయ్యకండి. దాని పాటికి దాన్ని పోనివ్వండి."

ఈ నమ్మకం నాకు కొత్త కాదు. తొట్టిలో చేప చచ్చిపోతే ఇంటి మీదికొచ్చిన కీడు అది తీసుకుపోయిందని చెప్పుకుంటారు. చచ్చాక చెప్పుకునే ఓదార్పు అది. చావడానికి ముందే చేపని తెచ్చి, వైద్యం వద్దనే మనిషిని మాత్రం అప్పుడే చూశాను. భర్త ఆసుపత్రిలో ఉంటే పన్నెండు రోజులు తొట్టిలో నీళ్ళు ఎవరూ మార్చలేదు, ఆ మురుగుకే తలకి గుంటలు పడ్డాయి అని చెప్పి చూశాను. ఆమె వినలేదు. మరి నా దగ్గరికెందుకు తెచ్చావమ్మా అంటే, "ఇంట్లో దాన్ని సూత్తా కూకోలేను. ఆయన సేతుల్తో మేపిన సేప. ఏట్లో వదిలేత్తే బతికేత్తాదేమో" అంది. పాపం, అంత ఆలోచించింది. కార్ఖానాల మురుగు కలిసే సువర్ణరేఖ నీళ్ళలో అది గంట కూడా బతకదని నేను చెప్పలేదు. సరే, మందు వెయ్యను అని బకెట్టు అందుకున్నాను.

ఆమె సందు మలుపు తిరగకముందే నీళ్ళు మార్చాను. సాయంత్రానికి మందు తెచ్చాను. మనుషులకి కడుపు జబ్బుకి ఇచ్చే మాత్రే, పొడి చేసి నీళ్ళలో కలపాలి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "ఆ అమ్మికి మాటిచ్చినారు కదా" అంది. "మూర్ఖత్వానికి ఇచ్చిన మాట మాట కాదు" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ జవాబు నాకే నచ్చదు. చేప మీద జాలి ఉందో లేదో గాని, నా మాట వినలేదన్న కోపం మాత్రం ఉంది.

రోజూ పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఆమె ఫోను. "పోయిందా అన్నియ్యా?" లేదమ్మా అనేవాణ్ణి. రోజురోజుకీ ఆ గొంతు సన్నబడింది. ఇక్కడేమో చేప కోలుకుంటోంది. గుంటలు పూడుతున్నాయి. మేత వేస్తే నీళ్ళపైకి ఎగిరి అందుకుంటోంది. ఆపరేషన్ రేపనగా ఆమె ఫోను చేసి, "ఇంకా పోలేదా? మరి ఆయనేటయిపోతాడు?" అని ఏడుపు మింగుతూ అడిగింది. రెండు రోజులుగా అన్నం ముట్టలేదని పక్కనెవరో చెబుతున్నారు. నేను తొట్టి ముందే నిలబడి ఉన్నాను. చేప అద్దం దగ్గరికొచ్చి మేత కోసం నన్నే చూస్తోంది. "పోయిందమ్మా, ఇందాకే పోయింది" అన్నాను. ఆమె ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఆకలేత్తన్నాది అన్నియ్యా" అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. నెల తిరక్కుండా అతను లేచి ఇంటికొచ్చాడు. సంతోషించాను, అబద్ధం సంగతి మరిచిపోదామనుకున్నాను. కాని ఆమె మరిచిపోలేదు. ఆసుపత్రి వరండాలో తనతో కూర్చున్న వాళ్ళందరికీ, బిర్సానగర్‌లో వీధి వీధికీ చెప్పింది. కాసిడీహ్‌లో ఒకాయన ఉన్నాడు, చేపనిస్తే చాలు, గండం ఆయన ఇంట్లో దిగిపోతుంది అని.

ఇక మొదలైంది. బాగుచెయ్యమని చేపని తెచ్చేవాళ్ళు తగ్గారు, చావనివ్వమని తెచ్చేవాళ్ళు పెరిగారు. మామగారికి పక్షవాతమని ఒకరు, కోడలికి కాన్పు కష్టమని ఒకరు. కొందరికి ఇంట్లో చేపే లేదు. దారిలో కొట్టు దగ్గర ఆగి, నిగనిగలాడే చేపని కొని, ప్లాస్టిక్ సంచీలో వేయించుకుని తెచ్చి, ఇది మా అత్తగారి పేరు మీద అని చేతికిచ్చేవారు. రాయిలా ఉన్న చేప ఎందుకు చస్తుందండీ అని అడిగితే, "అది మీ సేతిలో పని కదా" అనేవారు. వద్దంటే ఏడ్చేవారు. తిట్టి పంపించేస్తే ఆ చేపని రోడ్డు మీద పారబోసి పోయేవారు. అలా రెండు సార్లయ్యాక తిట్టడం మానేశాను. తీసుకోవడం, బాగుచెయ్యడం, వారం ఆగి ఫోను చేసి పోయిందనడం. ఎవరైనా వస్తే వెనక గదికి దుప్పటి అడ్డం కట్టేవాణ్ణి. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గాని నోట హిందీయే వస్తుంది. ఒకరోజు తొట్లన్నీ చూసి, "పాపా, యహా సబ్ జిందా హై ఔర్ సబ్ మర్ చుకే హై" అంది. ఇక్కడ అన్నీ బతికే ఉన్నాయి, అన్నీ చచ్చిపోయాయి అని. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బకెట్లు మోసి చేతులు నొప్పి, అబద్ధాలాడి అంతకన్నా నోరు నొప్పి.

వాళ్ళలోనే భుయ్యాడీహ్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన మనిషి. చిన్న గోల్డ్‌ఫిష్ ఇచ్చి, "మా ముసల్దాని పేరు మీద బాబూ" అన్నాడు. ఏం జబ్బని అడగలేదు. అడగడం కూడా మానేశాను అప్పటికి. వారం పోయాక అలవాటుగా ఫోను చేసి, పోయిందని చెప్పాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "బతికించినారు బాబూ. అయితే దాన్ని ఇంక ఆసుపత్రికి ఈడ్సుకుపోవక్కర్లేదు. వారానికి రెండు మాట్లు ఆ మిసను మీద పెట్టి రగతం కడుగుతారు, అదేమో ఏడుత్తాది. పోయిన వారమే మానేసినాం" అన్నాడు.

కిడ్నీలు పనిచెయ్యని మనిషికి రక్తం కడగడం ఆపితే ఏమవుతుందో తెలుసుకోవడానికి డాక్టరు కానక్కర్లేదు. "పెద్దాయనా, నేను అబద్ధం చెప్పాను. చేప బతికే ఉంది. రేపే ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాను. "బతికున్నాదా? అయితే దాన్ని సంపెయ్యండి బాబూ" అన్నాడు. ఎంత చెప్పినా అదే మాట. చేప చస్తే ఆసుపత్రి అక్కర్లేదు. బతికుంటే చంపాలి, అప్పుడూ ఆసుపత్రి అక్కర్లేదు. ఆయన్ని ఏమని తిట్టను? ఆ దారి తవ్వింది నేనే.

రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ కంచం తీస్తూ అంది: "బిర్సానగర్ అమ్మి నోటంట పుట్టింది ఇదంతా. ఆ నోటంటే పోవాల. సేపనీ ఆ మొగుడూపెళ్ళాల్నీ అట్టుకెళ్ళి ముసలాయనకి సూపించండి." చేపా బతికింది, మనిషీ బతికాడు అని ఒక్కచోట చూపిస్తే తప్ప ఆయన నమ్మడు. నిజమే. కాని అలా చూపించాలంటే ముందు ఆమెకి చెప్పాలి. ఆ ఇల్లు ఈ నాలుగు నెలలూ దేని మీద నిలబడిందో నాకు తెలుసు. భర్తకి తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, గండం ఎప్పుడో పోయిందిలే అని ఆమె గుండె చిక్కబట్టుకుంటోంది. దాన్ని లాగెయ్యడానికి నాకు చేతులు రాలేదు. అయినా మర్నాడు పొద్దున్నే ఫ్లవర్‌హార్న్‌ని బకెట్టులో పెట్టుకుని ఆటో ఎక్కాను. అక్కడ ముసలావిడకి రక్తం కడిగించుకోవడం అప్పటికే రెండు తడవలు తప్పిపోయింది.

బిర్సానగర్‌లో అతనే తలుపు తీశాడు. తలకి ఉన్ని టోపీ, నడక కాస్త నెమ్మది. ఆమె టీ పెట్టి తెచ్చేదాకా ఆగాను. ఊరికే బకెట్టు మూత తీశాను. అతను వంగి చూశాడు. నీళ్ళలో వేలు పెట్టాడు. చేప ఒక్క ఉదుటున పైకొచ్చి ఆ వేలిని నోటితో పట్టుకుంది. "అరే, నువ్వేటి ఇక్కడ?" అన్నాడతను దాంతో, చిన్నపిల్లాడితో అన్నట్టు. చచ్చిపోయిందని అతనికీ చెప్పే ఉంటారు. అతనికి ఆ లెక్కలేవీ పట్టలేదు. చేప దొరికింది, అంతే.

ఆమె టీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడింది. జరిగిందంతా చెప్పాను. మందు వేసిన సంగతి, ఫోనులో అన్న అబద్ధం, భుయ్యాడీహ్ పెద్దాయన సంగతి. విన్నంతసేపూ ఆమె చేపనే చూసింది.

"ఎప్పట్నుంచి తింటన్నాది?" అని అడిగింది.

"ఆపరేషన్‌కి వారం ముందు నుంచి."

"అంటే మీరు పోయిందన్న రోజు నేను దేనికి దండం పెట్టినట్టు?"

క్షమించమ్మా అన్నాను. ఆమె గ్లాసులు కింద పెట్టింది. "నాకు తెలివి లేక మీకాడికి రాలేదు అన్నియ్యా. బయమేసి వచ్చినాను. అది మీకు తెల్లేదు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికయ్యేది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చి, "ఆ ముసలామె ఇల్లెక్కడ? పదండి" అంది.

ముగ్గురం ఆటోలో భుయ్యాడీహ్ వెళ్ళాం. బకెట్టు అతని కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. పెద్దాయనది ఏటి గట్టుకి దగ్గర్లో ఒంటిగది ఇల్లు. మంచం మీద ఆయన భార్య ఉంది. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి, మొహం కూడా ఉబ్బింది. బిర్సానగర్ ఆమె బకెట్టు మంచం పక్కన పెట్టి, భర్త టోపీ తనే తీసింది. చెవి మీద నుంచి నడినెత్తి దాకా కుట్టు మచ్చ ఉంది.

"తాతా, సూడు. ఈ సేప సావలేదు. ఈయనా సావలేదు. డాక్టర్లు కోసి కుట్టినారు, అందుకే లేసినాడు. నేను ఊరంతా సెప్పింది తప్పు" అంది. ఆ మాటలు ఆమె ఒక్కొక్కటే అంది.

పెద్దాయన మచ్చనీ చేపనీ మార్చి మార్చి చూశాడు. నమ్మాలో వద్దో తెలీని చూపు. అప్పుడు మంచం మీద నుంచి ఆయన భార్య మాట్లాడింది. అప్పటిదాకా ఆవిణ్ణి ఎవరమూ పలకరించలేదు. "నన్నెవలడిగినారు? నాకు ఆ సూదులతో యిసుగెత్తిపోయి మానేత్తానన్నాను. ఈయన గోల పడలేక సేప అంటే సరే అన్నాను. సేప వల్ల బతుకుతానని నేననుకోలేదు."

పెద్దాయన గోడకి జారగిలబడి కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ చేప మీద పెట్టుకున్న ఆశంతా ఆయనొక్కడిదే. ఆవిడ ఆయన్నే చాలాసేపు చూసింది. ఆయన కారుతున్న కళ్ళు తుడుచుకోలేదు. "సరే, లెగు. ఏడవకు. ఆటో ఉన్నాది కదా, పోదాం" అంది ఆవిడే. అదే ఆటోలో వాళ్ళిద్దర్నీ ఆసుపత్రికి పంపించాం. ఆవిడ ఇప్పటికీ వారానికి రెండుసార్లు వెళ్తోంది, ఇప్పటికీ తిడుతూనే వెళ్తోందట.

మేం ముగ్గురం ఇంకో ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. చేపని ఇంటికి తీసుకుపోదామని అతను ముచ్చటపడ్డాడు. ఆమె వద్దంది. అతను అటు ఆటో పిలవడానికి వెళ్ళినప్పుడు నా పక్కకొచ్చి నిలబడింది.

"దీన్ని మీకాడే ఉంచండి. ఇంట్లో ఉంటే నేను పొద్దున లేసి ఆయన మొగం కంటే ముందు దీన్నే సూత్తాను. అది మేత మానేసిన రోజు నాకేటయిపోద్దో" అంది. కాసేపాగి, "ఎప్పుడోకప్పుడు పోద్ది కదా. పోయినప్పుడు నాకు సెప్పకండి. నేనడిగినా సెప్పకండి. బతికే ఉన్నాదని సెప్పండి" అంది.

అబద్ధాలతో విసిగిపోయి, వాటినన్నిటినీ దించుకోవడానికి ఆ పొద్దున ఇల్లు కదిలాను. సరేనని ఆమెకి మాటిచ్చి, సాయంత్రానికి ఇంకొకటి నెత్తికెత్తుకుని తిరిగొచ్చాను. ఆ రాత్రే వెనక గది దుప్పటి విప్పేశాను. చావనివ్వమని తెచ్చేవాళ్ళకి బతికున్న తొట్లన్నీ చూపించి పంపేస్తున్నాను. కొందరు తిట్టుకుంటూ పోతారు, కొందరు చేపని నా దగ్గరే వదిలి మనిషిని ఆసుపత్రికి తీసుకుపోతారు.

ఫ్లవర్‌హార్న్ ముసలిదైంది. రంగు తగ్గింది, మేత సగం వదిలేస్తోంది. ఆమె నెలకోసారి ఫోను చేస్తుంది. అతని తలనొప్పుల గురించి, మాత్రల గురించి చెబుతుంది. చివర్లో గొంతు తగ్గించి చేప ఎలా ఉందని అడుగుతుంది. బాగుందమ్మా, ఇప్పుడే తిన్నది అంటాను. అది పోయాక కూడా అదే అంటాను. ఈసారి మాట తప్పే ఓపిక నాకు లేదు.